90 సెకన్లు ఆగలేవా?

బెంగళూరు మారతహళ్లిలో మేం ముగ్గురం ఉండే ఫ్లాట్. మొన్న సాయంత్రం వానకి కరెంటు పోయింది. హాల్లో లినక్స్ కంప్యూటర్ నడుస్తోంది, యూపీఎస్ కీచుమంటోంది. రమణన్న షట్‌డౌన్ కొట్టాడు. స్క్రీన్ మీద ఎర్ర చుక్కలు అటూ ఇటూ కదులుతూ ‘స్టాప్ జాబ్ ఈజ్ రన్నింగ్’ (ఏదో ఇంకా ఆగలేదు) అని వచ్చింది, పక్కనే నిమిషం 30 సెకన్ల గడువు. శ్రీను పవర్ బటన్ నొక్కి పట్టుకోబోతే రమణన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

శ్రీను: వదులన్నా. యూపీఎస్ అయిపోయేలా ఉంది. డిస్కులో ఫైళ్లు సర్దే ఈఎక్స్‌టీ4కి జర్నల్ ఉంది కదా, మార్పుల చిట్టా, ఆన్ చేశాక అదే సర్దుకుంటుంది.

రమణ: జర్నల్ సర్దేది దేన్నిరా? మామూలు సెట్టింగులో అందులోకి వెళ్లేది మెటాడేటా మాత్రమే. ఫైలు పేరు, సైజు, ఏ బ్లాకులు దానివి, ఈ లెక్క చెడదు. లోపల రాసిన డేటాకి అది పూచీ పడదు. ప్రోగ్రాం ‘రాసేశాను’ అనుకున్నది లినక్స్ గుండెకాయ కెర్నల్ ముందు ర్యామ్‌లో, పేజ్ క్యాష్‌లో ఉంచుకుంటుంది. ఎఫ్‌సింక్, అంటే ‘ఇప్పుడే డిస్కుకి చేర్చు’ అని అడగకపోతే అది డిస్కుకి చేరడానికి అర నిమిషం పైనే పట్టొచ్చు. నువ్వు బటన్ నొక్కితే పోయేది అదే.

శ్రీను: పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ అడుగుతుంది కదా! కమిట్ అయిందని, అంటే మార్పు ఖాయమైందని చెప్పేముందే మార్పుల లాగ్ డిస్కుకి చేరుస్తుంది. ప్లగ్ పీకినా మళ్లీ లేస్తుంది. క్లౌడ్‌లో మెషీన్లు చెప్పాపెట్టకుండా పోతుంటాయి. ఎప్పుడు పోయినా తట్టుకునేలా రాయాలి. సరిగ్గా ఆపుతారులే అని నమ్ముకుని రాసిన ప్రోగ్రాం ఏదో ఒకరోజు కొంప ముంచుతుంది.

(శ్రీను మాటలో బలం ఉంది. నేనూ ఒక క్షణం అటే మొగ్గాను.)

రమణ: పోస్ట్‌గ్రెస్ సంగతి కాదనను. కానీ ఈత వచ్చు కదా అని మనిషిని బావిలోకి తోస్తామా? అసలు ఇక్కడ వరుస ముఖ్యం. లినక్స్‌లో సర్వీసులను లేపేదీ ఆపేదీ సిస్టమ్‌డీ. అది దేని తర్వాత ఏది లేవాలో చూసుకుని, ఆపేటప్పుడు ఆ వరుస తిరగేస్తుంది. డేటాబేస్ తర్వాత లేవాలని రాసిన యాప్ ముందు ఆగుతుంది, డేటాబేస్ దాని తర్వాత. ఒక్కోదానికీ ముందు సిగ్‌టర్మ్, అంటే ‘సర్దుకుని ఆగు’ అనే 15వ నంబరు సిగ్నల్ వెళ్తుంది. గడువులోగా ఆగకపోతే 9, సిగ్‌కిల్, అక్కడికక్కడే చంపేసేది. దాన్ని ఏ ప్రోగ్రామూ పట్టుకోలేదు, పక్కన పెట్టలేదు. అన్నీ ఆగాక డిస్కులు అన్‌మౌంట్ అవుతాయి, అంటే సిస్టమ్ నుంచి విడిపోతాయి, ఆఖర్న కెర్నల్‌ని అడిగే రీబూట్ అనే సిస్టమ్ కాల్. పవరాఫ్‌కి కూడా అదే కాల్.

శ్రీను: సరే, మరి ఈ 90 సెకన్లూ ఏం వెలగబెడుతోంది? ఫ్యాన్ చప్పుడు కూడా లేదు, సీపీయూ ఖాళీగా ఉంది.

రమణ: ఎవరి కోసం ఆగిందో పేరు చదువు.

శ్రీను: నా బ్యాకప్ సర్వీసు.

రమణ: ఆ స్క్రిప్టులో మొదటి లైన్లు ఏం రాశావ్?

శ్రీను: ట్రాప్, ఖాళీ కోట్స్, టర్మ్. బ్యాకప్ మధ్యలో ఎవరూ ఆపకూడదని.

రమణ: అదీ సంగతి. సిగ్‌టర్మ్ వినొద్దని నువ్వే చెప్పావు. ఆ స్క్రిప్టు పుట్టించే స్లీప్ కమాండుకి కూడా అదే అలవాటు సంక్రమిస్తుంది. రాత్రి బ్యాకప్ కోసం ఊరికే నిద్రపోతున్నదాని కోసం సిస్టమ్ అంతా కాచుకుని కూర్చుంది. నిజంగా బ్యాకప్ మధ్యలో ఉంటే ఇంకా ఘోరం. 90 దాటగానే 9 పడుతుంది, సగం ఫైలు అసలు పేరుతోనే మిగిలిపోతుంది. వేరే పేరుతో రాయి, ఎఫ్‌సింక్ చెయ్యి, అప్పుడు రీనేమ్ చెయ్యి. సిగ్‌టర్మ్ వస్తే ఆ సగం ఫైలు తీసేసి బయటికొచ్చెయ్.

శ్రీను: అలా రాస్తే ప్లగ్ పీకినా పాత బ్యాకప్‌కి ఏమీ కాదు కదన్నా. నేను మొదట్నుంచీ అంటున్నది అదే!

రమణ: అవును, అదీ కావాలి. అలా రాశాక గడువు 90 నుంచి 10కి దించుకో, నేను అడ్డు చెప్పను. బటన్ మాత్రం ముట్టుకోకు.

ఈలోగా గడువు అయిపోయింది, స్క్రీన్ నల్లబడింది. యూపీఎస్ ఇంకా కీచుమంటూనే ఉంది.

శ్రీను: కరెంటు రాగానే స్క్రిప్టు మార్చి, బ్యాకప్ మధ్యలో ప్లగ్ పీకి చూద్దాం.

రమణ: వర్చువల్ మెషీన్‌లో, అంటే సాఫ్ట్‌వేర్‌తో చేసిన ఉత్తుత్తి కంప్యూటర్‌లో చెయ్యి, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు చంపు. దీంట్లో నా ఫొటోలున్నాయి.