తాళం తీస్తే సరిపోదు

రోజూ ఆ ప్రహరీ పక్క నుంచే వెళ్తుంటాం. గేటు తీసి ఉండగా చూసిన గుర్తు ఉండదు. పాత పంప్‌హౌస్, గడియార స్తంభం, కోర్టు కింద ఒకప్పటి లాకప్ గదులు, నాటకశాల వేదికకు పైన తాళ్లూ కప్పీలూ వేలాడే అటక, ఖజానా నేలమాళిగ... వీటిలో చాలావాటిని కట్టింది ప్రజల డబ్బుతోనే. వాటి లోపల కాలు పెట్టిన ప్రజలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఏడాదికి ఒకటి రెండు రోజులైనా ఇలాంటి తలుపులు ఉచితంగా తెరవాలని మేం గట్టిగా కోరుతున్నాం. ఎలా తెరవాలన్నది అంతకన్నా ముఖ్యం కాబట్టే ఈ సంపాదకీయం.

ఆలోచన కొత్తదేమీ కాదు. 1984లో ఫ్రాన్స్ సాంస్కృతిక మంత్రి జాక్ లాంగ్ చారిత్రక కట్టడాల తలుపులు జనానికి తీయించారు. మరుసటి ఏడాదే యూరప్ దేశాల ఉమ్మడి సంస్థ కౌన్సిల్ ఆఫ్ యూరప్ దాన్ని అందుకుంది. క్రమంగా అది మిగతా దేశాలకు విస్తరించింది. 1990లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో, ఎయిర్ పట్టణాల్లో, 1992లో లండన్‌లో, 2000లో టొరంటోలో, 2003లో న్యూయార్క్‌లో ఇలాంటి రోజులు మొదలయ్యాయి. లండన్‌లోని బ్యాటర్‌సీ విద్యుత్ కేంద్రం 1983లో మూతపడింది. పునర్నిర్మాణానికి ముందు, 2013 సెప్టెంబరులో, దాన్ని జనానికి చూపించారు. పాడుబడిన ఆ భవనం కోసం జనం బారులు తీరారు. మూసి ఉన్న తలుపు మీద ఉండే ఆసక్తి అలాంటిది.

తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ఏడాది పొడుగునా టిక్కెట్ కొని చూడగలిగే కోటకో మ్యూజియానికో ఒకరోజు టిక్కెట్ ఎత్తేసి, దానికే ‘ఓపెన్ డే’ అని పేరు పెడతారు. అది రాయితీ. మంచిదే, కాదనం. కానీ ఓపెన్ డే అంటే మిగతా రోజుల్లో తాళం పడి ఉండే గదిని చూపించడం. అదే కోటలో రోజూ చూసే దర్బారు హాలును వదిలి, వానకు కారే పైకప్పు కిందికి తీసుకెళ్లి, ఏ వాసం ఎప్పుడు మార్చారో, ఏది ఇంకా మార్చాల్సి ఉందో చూపించాలి. అది చూసిన మనిషికి మరమ్మతు పద్దు మీద అడిగే ప్రశ్నలు వాటంతట అవే పుడతాయి.

ఉచితం అన్నారు కదా అని లెక్క వదిలేయకూడదు. ఒక గది సంగతే చూద్దాం. విస్తీర్ణం 40 చదరపు మీటర్లు. సామాన్లూ, తాడు కట్టి ఆపిన మూలలూ పోను నిలబడటానికి మిగిలేది 30. మనిషికి 2 చదరపు మీటర్లు వదిలితే 15 మంది పడతారు. వారిలో వివరించేవారు ఒకరు, బృందం వెనక ఉండే వలంటీరు ఒకరు. అంటే సందర్శకులు 13 మంది. చూపించడానికి 20 నిమిషాలు, ఒక బృందం వెళ్లి మరొకటి రావడానికి 5 నిమిషాలు. ఉదయం 10 నుంచి 1 వరకు ఏడు విడతలు, మధ్యాహ్నం 2 నుంచి 4 వరకు అయిదు. మొత్తం 156 మంది. ‘అందరూ ఆహ్వానితులే’ అని పోస్టర్ వేసేముందు ఈ 156 అన్న అంకె నిర్వాహకుల చేతిలో ఉండాలి. ఇంకో సంగతి, మధ్యాహ్నం 2 గంటలకు మిగిలేవి అయిదు విడతలే, అంటే 65 మందే. ఆ సమయానికి వరుసలో 66వ స్థానంలో ఉన్న మనిషికి ‘ఈరోజు వీలుపడదు’ అని 2 గంటలకే చెప్పేయాలి. రెండు గంటలు ఎండలో నిలబెట్టి, 4 గంటలకు గేటు వేసి పంపడం కన్నా పెద్ద అమర్యాద లేదు. వరుస చివర బోర్డు పట్టుకుని నిలబడే వలంటీరు గేటు దగ్గరుండే వలంటీరు కన్నా ముఖ్యం.

ముందుగా పేర్లు నమోదు చేసుకుంటే ఈ బాధ తప్పుతుందనుకుంటారు. కొంత తప్పుతుంది. కానీ డబ్బు కట్టని టోకెన్‌ను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, రాలేమని కబురు కూడా చేయరు. కాబట్టి రెండు రోజుల ముందు ‘వస్తున్నారా’ అని సందేశం పంపాలి, బదులు రాని టోకెన్ రద్దు చేయాలి. విడతకు 10 నిమిషాల ముందు రానివారి చోటు గేటు దగ్గర ఎదురుచూసేవారికి ఇచ్చేయాలి. ప్రతి విడతలో రెండు మూడు చోట్లు నేరుగా వచ్చేవారికి అట్టిపెట్టాలి. ఫోన్లో నమోదు చేసుకోవడం తెలియని పెద్దవాళ్లే చాలాసార్లు ఆ భవనం గురించి ఎక్కువ తెలిసినవాళ్లు.

జనం సంఖ్య తేలాక భవనం బలం చూడాలి. నివాస గదుల అంతస్తులకు నేటి ఇంజినీర్లు వేసే బరువు లెక్క చదరపు మీటరుకు దాదాపు 200 కిలోలు. జనం గుమిగూడే హాళ్లకైతే 400 నుంచి 500 కిలోలు. 70 కిలోల మనుషులు నలుగురు ఒక చదరపు మీటరులో ఇరుక్కుంటే 280 కిలోలు. పాత చెక్క అంతస్తు మీద ఆ నలుగురూ ఎక్కడ ఇరుక్కుంటారో ముందే తెలుసు. కిటికీ దగ్గర, బాల్కనీలో, వివరించే మనిషి చుట్టూ. అందుకే అతను గది మధ్యలో కాకుండా గోడవారగా, కింద దన్ను గోడ ఉన్నచోట నిలబడి మాట్లాడాలి. చెక్క దూలం పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. పుచ్చేది గోడలోకి దిగిన కొస దగ్గర, ఎందుకంటే గోడ పీల్చిన చెమ్మ అక్కడే నిలుస్తుంది. సన్నటి స్క్రూడ్రైవర్‌తో ఆ కొసలో పొడిచి చూస్తే గట్టి చెక్క ఆపుతుంది, పుచ్చిన చెక్క మొన లోపలికి దిగనిస్తుంది. దిగిందంటే ఆ అంతస్తును ఆ ఏడాది చూపించకూడదు. ఈ పరీక్ష కనీసం రెండు నెలల ముందు జరగాలి. ముందు రోజు సాయంత్రం తేలితే, ‘ఈ ఒక్కరోజుకి ఏం కాదులే’ అనే గొంతు తప్పకుండా లేస్తుంది.

గడియార స్తంభాలది ప్రత్యేకమైన కథ. చుట్టుమెట్లు ఒక మనిషి పట్టేంత వెడల్పే ఉంటాయి. మెట్టు బయటి అంచున వెడల్పుగా, నడిమి స్తంభం వైపు బొటనవేలు ఆనేంత సన్నగా ఉంటుంది. ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు ఎదురుపడితే ఎవరో ఒకరు ఆ సన్నటి కొస మీద కాలు మోపాల్సి వస్తుంది. జారిపడేది అక్కడే. పైనున్న వలంటీరు ‘ఖాళీ’ అని వాకీటాకీలో చెప్పేదాకా కింద ఒక్కరు కూడా మెట్టు ఎక్కకూడదు. బృందం ఎనిమిది మందికి మించకూడదు. గడియారాన్ని నడిపే బరువులు దిగే బావిలాంటి సందుకు ఇనుప జాలీ బిగించి ఉండాలి. గంట కొట్టడానికి 5 నిమిషాల ముందే అందరూ గంట గదికి కింది అంతస్తులోకి వచ్చేయాలి. పక్కనే నిలబడి వింటే చెవులు దెబ్బతినే మోత అది. పాత పంపు నడిపి చూపించే చోట పిల్లల చేయి దూరనంత దగ్గర కమ్మీలతో అడ్డు కట్టాలి. నేలబావులు, మూసి ఉంచిన నీటి ట్యాంకుల లోపలికి మాత్రం ఎవరినీ దింపకూడదు. అక్కడ గాలి ఊపిరి తీసుకోవడానికి పనికొస్తుందో లేదో కంటికి తెలియదు.

చిత్రాలున్న గోడలకు ప్రమాదం చేత్తో తాకేవారి వల్లే కాదు, శ్వాస వల్ల కూడా. ఊరికే నిలబడ్డ మనిషి గంటకు దాదాపు 50 గ్రాముల నీటిని ఆవిరిగా వదులుతాడు. మనం లెక్కవేసిన 15 మంది కలిస్తే గంటకు ముప్పావు లీటరు. కిటికీల్లేని గదిలో ఆ చెమ్మను సున్నపు పూత పీల్చుకుంటుంది, లోపలి లవణాలు కరుగుతాయి. జనం వెళ్లాక గది ఆరుతుంది. ఆరేటప్పుడు ఆ లవణాలు రంగు పొర వెనక గట్టిపడి దాన్ని ముందుకు నెడతాయి. పెచ్చులు ఊడిపడేది ఆ తర్వాత కొన్ని వారాలకు, కాబట్టి నింద ఎవరి మీదా పడదు. ఫ్రాన్స్‌లో లాస్కో గుహను 1948లో జనానికి తెరిచి 1963లో మూసేయాల్సి వచ్చింది. వేల ఏళ్లు నిలిచిన చిత్రాలకు పదిహేనేళ్లలో ముప్పు తెచ్చినవాటిలో సందర్శకుల ఊపిరి ఒకటి. అందుకే గదిలో తేమ కొలిచే చిన్న యంత్రం పెట్టి, అంకె మామూలు స్థాయి దాటితే ఒక విడత ఆపి గదికి విరామం ఇవ్వాలి. వీపు సంచులు గేటు దగ్గరే పెట్టించాలి, ఇరుకు నడవాల్లో గోడను గీకేవి అవే. చెక్క నేలల మీద సన్న మడమల చెప్పులు వద్దని టోకెన్ మీదే రాయాలి. ఒంటి బరువంతా ఒక చదరపు సెంటీమీటరు మీద పడితే చెక్కకు గుంట పడొచ్చు.

మెట్లెక్కలేనివారి సంగతి చివరి నిమిషంలో గుర్తొస్తుంటుంది. గుమ్మం ఎత్తు 15 సెంటీమీటర్లు ఉంటే, 1:12 వాలుకు, అంటే ఎత్తుకు పన్నెండింతల పొడవుకు, కావాల్సిన ర్యాంపు పొడవు 180 సెంటీమీటర్లు. రెండు దిట్టమైన పలకలు, కింద ఆసరా, పైన జారని పూత. ఒక వడ్రంగికి ఒక్కరోజు పని. పైఅంతస్తు ఎలాగూ అందదు కాబట్టి అక్కడి దృశ్యాన్ని వీడియో తీసి కింది గదిలో చూపించాలి. మరుగుదొడ్లు, తాగునీరు, కూర్చోవడానికి బల్లలు ఎక్కడున్నాయో టోకెన్ మీద రాస్తే సగం ఫిర్యాదులు రావు.

ఎవరు వివరించాలి? మా అభిప్రాయం స్పష్టం: అక్కడ పనిచేసినవాళ్లు. రాజుల పేర్లు, తేదీలు బోర్డు మీద చదువుకోవచ్చు. పంపు ఆగిపోతే ముందు ఏ వాల్వు తిప్పాలో, ఏ బేరింగు వేడెక్కితే ఏ వాసన వస్తుందో, వానాకాలంలో ఏ మూల నుంచి నీరు దిగుతుందో చెప్పగలిగేది ముప్పై ఏళ్లు అక్కడ నూనె డబ్బా పట్టుకు తిరిగిన మనిషే. వారిని సెలవు రోజున పిలిచి ఊరికే పని చేయించుకోవడం తగదు. ఆ రోజుకు వేతనమో, బదులు సెలవో ముందే కాగితం మీద ఇవ్వాలి. వలంటీర్లకు భోజనం, గంటన్నరకోసారి విరామం తప్పనిసరి. సందర్శకుడికి ఉచితమైనంత మాత్రాన ఆ రోజు ఖర్చు లేనిదైపోదు. బీమా, విద్యుత్ తనిఖీ, శుభ్రం, కాపలా అన్నిటినీ ఆ భవనం యజమాని పద్దులో చూపించాలి. లేకపోతే రెండో ఏడాదికి ‘నిధుల్లేవు’ అన్న మాట వస్తుంది.

ముందు రోజు ఉదయం ప్రతి గదికీ ఒకే చోట నిలబడి నాలుగు ఫొటోలు తీయాలి. ఆఖరి సందర్శకుడు వెళ్లాక అదే చోట నిలబడి మళ్లీ నాలుగు తీయాలి. కొత్త గీత, ఊడిన పెచ్చు, కదిలిన మెట్టు ఉంటే ఆ రాత్రే పుస్తకంలో ఎక్కించాలి, వచ్చినవారి సంఖ్య, వెనక్కి పంపినవారి సంఖ్య పక్కపక్కనే రాయాలి. నెల తర్వాత చిత్రాల గోడలను ఇంకోసారి చూడాలి. ఆ పుస్తకం ముందు పెట్టుకునే వచ్చే ఏడాది తేదీ ప్రకటించాలి.