పళ్లొచ్చే బిడ్డకు జెల్లు, పూసలు, తేనె: ఈ సలహాలు ఎందుకు తప్పు

"పళ్లు వచ్చేటప్పుడు జ్వరం, విరేచనాలు మామూలే. చిగుళ్లకు నొప్పి తెలియని జెల్ రాయండి. టీథర్‌ను (బిడ్డ కొరుక్కునే బొమ్మ) ఫ్రీజర్‌లో గడ్డకట్టించి ఇవ్వండి. మెడలో అంబర్ (రాయిలా గట్టిపడిన పాతకాలపు చెట్టు జిగురు) పూసల దండ వేయండి. కాస్త తేనె రుద్దండి." చిన్నపిల్లలున్న ప్రతి ఫోన్‌కీ ఏదో ఒక రోజు చేరే సందేశం ఇది. ఇందులో పాటించదగ్గ మాట ఒక్కటీ లేదు. అన్నిటికన్నా చెడ్డది మొదటి వాక్యం.

"జ్వరం, విరేచనాలు మామూలే." కాదు. పన్ను చిగురును చీల్చుకొచ్చే రోజుల్లో ఒళ్లు కొంచెం వెచ్చబడొచ్చు. చొంగ కారుతుంది, చిరాకు పెరుగుతుంది, చేతికందినదల్లా కొరుకుతారు. థర్మామీటర్ 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ చూపిస్తే మాత్రం కారణం ఇంకెక్కడో ఉంది. చెవిలోనో, మూత్రంలోనో, గొంతులోనో. మరి నింద పంటి మీదే ఎందుకు పడుతుంది? మొదటి పన్ను దాదాపు ఆరో నెలలో వస్తుంది. తల్లి నుంచి వచ్చిన రోగనిరోధక శక్తి తగ్గిపోయేదీ, బిడ్డ ప్రతిదీ నోట్లో పెట్టుకోవడం మొదలయ్యేదీ సరిగ్గా అప్పుడే. పైగా 20 పాలపళ్లూ పూర్తవడానికి మూడో ఏడు దగ్గర పడుతుంది. ఈలోగా ఏ జబ్బు వచ్చినా పక్కనే ఏదో ఒక పన్ను మొలుస్తూ ఉంటుంది.

మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీలు వచ్చిందంటే ఇంట్లో చూస్తూ కూర్చోకూడదు, వెంటనే డాక్టరు చూడాలి. అంతకన్నా పెద్ద బిడ్డయినా పాలు తాగకపోయినా, మత్తుగా పడున్నా, ఊపిరి వేగంగా తీస్తున్నా, మూత్రం తగ్గినా ఆగొద్దు. విరేచనాలైతే పాలు ఆపకుండా ఓఆర్‌ఎస్ కూడా పట్టాలి.

"జెల్ రాయండి." ఈ జెల్‌లలో ఉండేది ఎక్కువగా బెంజోకెయిన్ లేదా లిడోకెయిన్. బెంజోకెయిన్ కొందరు పిల్లల రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని రూపానికి మార్చేస్తుంది. పెదాలు, గోళ్లు నీలంగానో బూడిదరంగుగానో మారతాయి, ఆయాసం వస్తుంది. మొదటిసారి రాసినప్పుడే ఇలా జరగొచ్చు. రెండేళ్ల లోపు పిల్లలకు దీన్ని వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో స్పష్టంగా చెప్పింది. లిడోకెయిన్ ద్రవంపై 2014లోనే హెచ్చరించింది: మింగితే మూర్ఛలు, గుండె సమస్యలు. ఇంత ప్రమాదానికి దక్కే లాభమూ లేదు. చొంగ దాన్ని నిమిషాల్లో కడిగేస్తుంది. మళ్లీ రాస్తారు, మోతాదు పెరుగుతుంది. మొద్దుబారిన గొంతులో పాలు అడ్డుపడే భయం వేరే. పళ్ల మందులతో ఇది కొత్త కాదు: పాదరసం కలిసిన పళ్ల పొడులు ఎందరో పిల్లలకు విషమయ్యాక, బ్రిటన్‌లో 1954లో గానీ మార్కెట్ నుంచి తప్పుకోలేదు.

జెల్‌కు బదులు వేలు చాలు. చేతులు సబ్బుతో కడిగి, గోరు కత్తిరించుకుని, వేలికొసతో ఉబ్బిన చోట ఒకటి రెండు నిమిషాలు మెల్లగా ఒత్తండి. బిడ్డ కొరికితే కొరకనివ్వండి. రాత్రి నిద్ర పట్టనంత నొప్పి ఉంటేనే పారాసిటమాల్, అదీ డాక్టరు బరువును బట్టి లెక్క కట్టాక: కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, మోతాదుకీ మోతాదుకీ కనీసం 4 గంటల ఎడం, 24 గంటల్లో 4 సార్లు మించకుండా. ఏడు కిలోల బిడ్డకు 70 నుంచి 105 మిల్లీగ్రాములు. ఎక్కువమంది పొరబడేది సీసా దగ్గర. చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉండొచ్చు, ఒక రకం సిరప్‌లో అదే మిల్లీలీటరుకు 24 మాత్రమే. ఆ సిరప్ కొలతతో చుక్కల మందు పోస్తే నాలుగు రెట్లు పడుతుంది. ఆస్పిరిన్ మాత్రం వద్దే వద్దు.

"ఫ్రీజర్‌లో పెట్టండి." రాయిలా గడ్డకట్టిన టీథర్ వాచిన చిగురును గాయపరుస్తుంది. ఫ్రిజ్ కింది అరలో 20 నిమిషాలు చాలు. లోపల ద్రవం ఉన్నవి చిరిగితే కారతాయి. ఒకే ముక్కగా ఉండే సిలికాన్‌ది, నోట్లో పూర్తిగా పట్టనంత పెద్దది ఎంచుకోండి. తడిపి చల్లబరిచిన శుభ్రమైన గుడ్డ కూడా అంతే పనిచేస్తుంది. రెండిటినీ ఎదురుగా కూర్చునే ఇవ్వాలి.

"అంబర్ దండ." అంబర్‌లోని సక్సినిక్ ఆమ్లం ఒంటి వేడికి కరిగి చర్మంలోకి ఇంకి నొప్పి తగ్గిస్తుందట. ఆ ఆమ్లం కరగడానికి 180 డిగ్రీలు దాటిన వేడి కావాలి! దండ వల్ల జరిగేది ఒక్కటే, మెడకు బిగుసుకోవడం లేదా తెగి పూస గొంతులో పడటం. కునుకు తీస్తున్న 18 నెలల బిడ్డ ఇలాంటి దండ మెడకు బిగుసుకుని చనిపోయిందన్న సంగతిని 2018 డిసెంబరు హెచ్చరికలో ఎఫ్‌డీఏ ప్రస్తావించింది.

"తేనె." ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దు. అందులో ఉండగల బాట్యులిజం (కండరాలను చచ్చుబరిచే జబ్బు) బ్యాక్టీరియా బీజాలు పసిపేగుల్లో మొలిచి విషం చేస్తాయి. ముందు మలబద్ధకం, తర్వాత ఏడుపు నీరసించడం, మెడ నిలవకపోవడం. తేనెను మరిగించినా ఆ బీజాలు చావవు.

చొంగకు గడ్డం ఎర్రబడితే మెత్తటి గుడ్డతో అద్ది తుడిచి, పల్చగా పెట్రోలియం జెల్లీ రాయండి. చిగురు మీద నీలంగా చిన్న బుడిపె కనిపిస్తే గుచ్చకండి. పన్ను బయటికొస్తూ అదే పగులుతుంది.