ప్రశాంత వాతావరణం: తయారుచేయు విధానం

ఊరి చివర ఏ వృద్ధాశ్రమం బోర్డు చూసినా ఒకటే మాట: 'ప్రశాంత వాతావరణం'. అది వేపచెట్ల వల్ల వస్తుందని అమాయకుల నమ్మకం. ఇరవైమంది పెద్దవాళ్లు, అందులో ఆరుగురు మంచం దిగలేనివాళ్లు ఉన్నచోట రాత్రిళ్లు చీమ చిటుక్కుమనకుండా ఉండటం దానంతటది జరగదు. పనిగట్టుకుని తయారుచేయాలి.

ముందు నీళ్లు. సాయంత్రం 5 దాటాక గ్లాసు అందకూడదు. తాగితే లేస్తారు, లేస్తే ఆయాను పిలుస్తారు. రాత్రి 8కి ఒక డైపర్, పొద్దున 7కి ఇంకొకటి; మధ్యలో 11 గంటలు దాని తిప్పలు అది పడుతుంది. కాలింగ్ బెల్ మాత్రం ఉండి తీరాలి, తనిఖీవాళ్లు అడుగుతారు. తీగను గోడమేకుకు రెండు చుట్లు చుడితే బెల్లూ ఉన్నట్టుంటుంది, మోతా ఉండదు.

నీళ్లు చాలని ఒళ్లు ఊరుకోదు. మలబద్ధకం, ఆ వెనకే మూత్రంలో ఇన్ఫెక్షన్. ఈ వయసులో అది చాలాసార్లు జ్వరంగా రాదు, మతిమాటలుగా వస్తుంది. నిన్న మనవడి చదువు గురించి చెప్పినావిడ ఇవాళ ఎప్పుడో పోయిన భర్తను అన్నానికి పిలుస్తుంది. మూత్ర పరీక్ష చేయించొచ్చు. 'వయసు మీదపడింది' అని నిద్రమాత్ర వేయడం ఇంకా చవక.

మాత్ర పడ్డవాళ్లు కదలరు. కదలకపోతే నడుము కింద, మడమల దగ్గర చర్మం కందుతుంది. వేలితో నొక్కినా ఎరుపు పోలేదంటే పుండు మొదలైనట్టే. చామనఛాయ ఒంటిమీద ఆ ఎరుపు కూడా తెలియదు. తాకితే వెచ్చగా, గట్టిగా తగులుతుంది. తాకేదెవరు? రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలంటే ఆరుగురికి రాత్రికి ముప్పైసార్లు. ఉన్నది ఒక్క ఆయా.

చట్టం ఉంది కదా అంటారు. 2007 నాటి వయోవృద్ధుల చట్టం ప్రకారం అమ్మను బస్టాండులో వదిలించుకుంటే 3 నెలల దాకా జైలు, లేదా రూ.5,000 దాకా జరిమానా, లేదా రెండూ. నెలనెలా అంతకు నాలుగింతలు కట్టి మరిచిపోతే, సంస్కారం. జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేదలకు సరిపడా ఆశ్రమాలు ప్రభుత్వం నెలకొల్ప'వచ్చు' అని కూడా అందులో ఉంది. వాన కూడా రావచ్చు. ఇక వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతుంది. సరిగ్గా డైపర్ కట్టే వేళకు సెలవు.

అమెరికా పిల్లలతో ఇబ్బంది లేదు. ఆదివారం వీడియో కాల్‌కు ముందు తల దువ్వి పౌడరద్దితే చాలు. కెమెరా మెడ దాకానే, పుండేమో నడుము కింద.

చిక్కంతా చెప్పాపెట్టకుండా మంగళవారం మధ్యాహ్నం అన్నంవేళ ఊడిపడే బంధువులతోనే. దుప్పటి ఎత్తి మడమలు చూస్తారు. స్ట్రిప్పులో మాత్రలు లెక్కపెడతారు. మూడు నెలల బరువు రిజిస్టర్ అడుగుతారు. జబ్బల మీద వేళ్లచ్చుల్లా కమిలిందేమిటని నిలదీస్తారు. వీళ్ల కోసమే పక్కకు తిప్పిన చార్టు మంచానికి వేలాడదీయాలి, గడిగడికీ టిక్కులతో. నిర్వాహకులకు ఒక్క మనవి: మధ్యాహ్నం ఒంటిగంటకే ఆ రాత్రి 2, 4 గంటల గళ్లలో కూడా టిక్కులు కొట్టేయకండి.