తీరికకు టైమ్‌టేబుల్

మన పెద్దలు రెండు మాటలు చెప్పి వెళ్లారు. ఒకటి, నిదానమే ప్రధానం. రెండోది, ఆలస్యం అమృతం విషం. ఈ రెంటికీ పొత్తు కుదిర్చే బాధ్యత మనకే వదిలేశారు. ఆ పని మా తోడల్లుడు పూర్తిచేశాడని సవినయంగా మనవి చేస్తున్నాను: తీరికగా తిరగాలంటే తెల్లవారుజామున మూడున్నరకే బయల్దేరాలి.

వేదిక కెనడాలో ఫ్రెంచి మాట్లాడే క్యుబెక్ రాష్ట్రం వారి గాస్పే ద్వీపకల్పం. 132వ నంబరు రోడ్డు సముద్రం ఒడ్డు పట్టుకుని దాని చుట్టూ ప్రదక్షిణ చేస్తుంది, సుమారు 900 కిలోమీటర్లు. ఒకపక్క కొండ, ఒకపక్క నీళ్లు, మధ్యలో మా రెండు కార్లు, ఒక ఎక్సెల్ షీటు. అందులో 'సాయంత్రం 4 నుంచి 5: ఒడ్డున ఊరికే కూర్చోవడం' అన్న గడికి ఆకుపచ్చ రంగు వేసి ఉంది. ఊరికే కూర్చోవడానికి ఆలస్యమైపోతోందని వెనక కారులోంచి అతను హారన్ కొడుతూనే ఉన్నాడు.

ఇక్కడివాళ్ల ఫ్రెంచి భక్తి ఫ్రాన్సుకే పాఠం చెప్పేంత. పారిస్‌లో కూడలి దగ్గర ఎర్రబోర్డు మీద 'స్టాప్' అనే ఉంటుంది. క్యుబెక్‌లో మాత్రం 'అరె' అని ఉంటుంది. ఆగుము అని దాని అర్థం. ప్రతి మలుపులోనూ ప్రభుత్వమే 'అరె' అని ఆశ్చర్యపోతుంటే, నిజంగా ఏదో తప్పు చేస్తున్నామేమోనని నాకు అనుమానం వచ్చింది.

మాకు దొరికిన డేరా స్థలం నంబరు 97. ఫ్రెంచిలో 97 అనాలంటే 'నాలుగు ఇరవైలు, పది, ఏడు' అనాలి. అంకె పూర్తయ్యేదాకా ఆగే తీరిక మా తోడల్లుడికెక్కడిది? 'నాలుగు' చెవిన పడగానే పరుగెత్తి, నాలుగో స్థలంలో డేరా సగం లేపేశాడు. అసలువాళ్లు వచ్చి పాపం నవ్వుతూ నిలబడ్డారు.

పెర్సే అంటే చిల్లుపడినది అని. ఒడ్డుకు దగ్గర్లోనే సముద్రంలో 400 మీటర్లకు పైగా పొడవున్న సున్నపురాయి, దానికో తోరణం. షీటులో దీనికి 20 నిమిషాలు. ఒకప్పుడు ఉన్న ఇంకో తోరణం 1845లో కూలిపోయిందని చదివి వినిపిస్తే, "అయితే త్వరగా ఫొటో తీయండి, ఇది కూడా పడిపోతే?" అంది మా ఆవిడ.

ఫొరియోన్ జాతీయ పార్కు దగ్గర మాత్రం కాస్త ఆగాలి. బయటి నుంచి వంటచెరకు తేకూడదు, దాంతో పురుగులు వస్తాయి అన్నారు. ఎంత మంచి నియమం! 1534లో లేకపోయింది. ఆ ఏడాది జూలై 24న ఫ్రెంచి నావికుడు జాక్ కార్తియే గాస్పేలో దిగి 30 అడుగుల శిలువ పాతాడు. అక్కడున్న ఆదివాసుల పెద్ద అభ్యంతరం చెబితే, అబ్బే, అది దారి గుర్తు కోసమేనని సర్దిచెప్పాడు. 1970లో పార్కు పెడుతూ 200కు పైగా కుటుంబాలను ఖాళీ చేయించారు. ఆ ఇళ్లలో చాలావాటిని తగలబెట్టారు కూడా. ప్రకృతి సహజంగా కనబడాలంటే అందులో మనుషులుండకూడదు కదా, మాలాంటి టికెట్ కొన్నవాళ్లు తప్ప. 2011లో పార్లమెంటు క్షమాపణ చెప్పింది. ఖాళీ అయినవాళ్ల వారసులకు ఇప్పుడు ప్రవేశం ఉచితం. తాతగారి పెరట్లోకి టికెట్ లేకుండా పోనివ్వడం సామాన్యమైన ఔదార్యమా? శ్రీశైలం జలాశయం కింద ఊళ్లు పోగొట్టుకున్నవారికి, ఆ ఊళ్ల మీదుగా వెళ్లే లాంచీ టికెట్‌లో రాయితీ ఇచ్చే విషయం మన ప్రభుత్వాలు కూడా పరిశీలించాలని ప్రార్థన.

చివరిరోజు సాయంత్రం క్యాంబెల్టన్ వంతెన దాటి పక్క రాష్ట్రం న్యూ బ్రన్స్‌విక్‌లో అడుగుపెట్టాం. అవతల మరో కాలమండలం. ఫోన్లలో నాలుగు కాస్తా ఉన్నట్టుండి ఐదయింది. మా తోడల్లుడు కారు పక్కకు ఆపి, షీటు తెరిచి, ఆకుపచ్చ గడిని మౌనంగా తొలగించాడు.

"పదన్నయ్యా," అన్నాడు, "కూర్చోవడం అయిపోయింది."