విల్లాకు కట్టెలు కావలెను

బెంగళూరు సర్జాపూర్ రోడ్డు చుట్టుపక్కల స్థిరపడిన తెలుగువారికి ఇన్నాళ్లకు ఒక అసలైన సమస్య వచ్చింది. నీళ్ల ట్యాంకర్లు, ట్రాఫిక్, పిల్లల స్కూలు ఫీజులు లాంటి చిల్లర గొడవలు కాసేపు పక్కన పెట్టి అందరూ దీని మీద దృష్టి పెట్టాలని మనవి. విల్లాల్లో ఫైర్‌ప్లేస్‌లు కట్టించుకున్నాం. వాటిలోకి కట్టెలు దొరకడం లేదు. అంటే, డబ్బులిస్తే దొరుకుతున్నాయి. ఊరికే దొరకడం లేదు.

బెంగళూరులో ఫైర్‌ప్లేస్ ఏమిటండీ అనేవాళ్లు ఉంటారు. జనవరిలో ఇక్కడ తెల్లవారుజామున పదహారు డిగ్రీలు ఉంటుందని వాళ్లకు తెలియదు. ఈ ఊళ్లో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు. అది 1884 జనవరి 13న. ఆ తర్వాత అంత చలి మళ్లీ రాలేదు, ఒప్పుకుంటాం. ఇకముందు రాదని ఎవరైనా రాసిస్తారా? నూట నలభై ఏళ్లుగా బాకీపడ్డ చలి ఏ రాత్రయినా వచ్చి కాలింగ్ బెల్ కొట్టవచ్చు. అప్పుడు మామూలు జనంలా రగ్గు కప్పుకుని పడుకోమంటారా? నాలుగు కోట్లు పెట్టింది అందుకేనా?

కొన్ని విల్లాల్లో ఫైర్‌ప్లేస్‌కు పొగగొట్టం లేదు. ఎలివేషన్ పాడవుతుందని డిజైనర్ పెట్టలేదు. తలుపులన్నీ బిగించి కట్టెలు కాలిస్తే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు కాబట్టి, ఇంటీరియర్‌కు వచ్చిన లోటేమీ లేదు. మనుషుల సంగతి వేరే సమావేశంలో మాట్లాడుకుందాం.

కొనుక్కోవచ్చు కదా అంటారు. కట్టెల అడితికి వెళ్తే సరుగుడు, నీలగిరి, తుమ్మ తూకానికి ఇస్తారు. కానీ అవి కల్యాణ మండపాల వాళ్లు, బిర్యానీ వాళ్లు కొనుక్కునేవి. హోస్కోటెలో బిర్యానీ కోసం చీకటితోనే క్యూలో నిలబడే మనవాళ్లు, కాస్త జరిగి ఆ డేగిసాల పక్కన నిలబడితే చలీ తీరుతుంది, పైసా ఖర్చు ఉండదు. ఈ సూచన చేసినందుకు నన్ను అసోసియేషన్ గ్రూపులోంచి రెండు రోజులు తీసేశారు. కట్టె కొనడం పరువు తక్కువట. ఏరి తెచ్చుకుంటే మాత్రం ప్రకృతికి దగ్గరగా బతకడమట. మా అమ్మమ్మ జీవితమంతా చిదుగులు ఏరింది. సిలిండర్ ఇంటికొచ్చిన రోజు దానికి పసుపు రాసి బొట్టు పెట్టి దండం పెట్టింది. ప్రకృతికి దూరమైపోతున్నానని ఆవిడ బాధపడిన గుర్తు లేదు. చింతకాయలు అమ్మేదానికి సిరిమానం వస్తే, ఈ వంకర టింకర కాయలేమిటని అడిగిందంటారు. మా దగ్గర కథ ఇంకొంచెం ముందుకెళ్లింది. ఆ వంకర కాయలే ఇప్పుడు షోకేస్‌లో కావాలి, అదీ ఊరికే కావాలి.

సరే, ఊరికే ఎక్కడ దొరుకుతాయి? మొదటి ఆశ, పడిపోయిన చెట్లు. 1980లలో నెగిన్‌హాళ్ అనే అటవీ అధికారి ఈ ఊళ్లో 15 లక్షల మొక్కలు నాటించారు. మన ఫైర్‌ప్లేస్‌లను దృష్టిలో పెట్టుకునే ఆ పని చేశారని కట్టెల సబ్‌కమిటీ గట్టి నమ్మకం. వేళ్ల చుట్టూ కాంక్రీటు పోసి మనం కూడా చేయగలిగినంత సాయం చేశాం కాబట్టి, ఏప్రిల్, మే గాలివానలకు గుల్‌మొహర్లు దబ్బున పడుతూనే ఉంటాయి. నిలబడి ఉన్న చెట్టు జోలికి వెళ్తే మాత్రం 1976 నాటి కర్ణాటక చెట్ల పరిరక్షణ చట్టం అడ్డొస్తుంది. మీ పెరట్లో చెట్టయినా సరే, ట్రీ ఆఫీసర్ అనుమతి కావాలి.

పడిన చెట్టు ఎక్కడుందో తెలిసేసరికి మంచి కొమ్మలు టీకొట్టువాళ్లు పట్టుకుపోతారు. మిగిలిన మొద్దును ముక్కలు కోయించి, టాటా ఏస్‌లో ఎక్కించి, గేటు దగ్గర సెక్యూరిటీకి టీ ఖర్చులిచ్చి ఇంటికి చేరిస్తే, ఊరికే వచ్చిన కట్టె అడితి ధరకు మూడింతలైంది. పైగా పచ్చిది. అప్పుడే కొట్టిన కట్టె బరువులో సగం దాకా నీళ్లే. చీల్చి, తడవకుండా, గాలి ఆడేట్టు పేరిస్తే ఆరు నెలలకో ఏడాదికో ఎండుతుంది. ఎండిన కట్టెకు కొసల్లో నెర్రెలు కనిపిస్తాయి, రెండు కట్టెలు కొడితే టంగుమంటుంది. మా కోశాధికారిగారి మొద్దు దబ్‌మంది. ఆయన ఆ రాత్రే వెలిగించారు. మంట రాలేదు. పొగ వచ్చింది, దాని వెనకే ఫైర్ అలారం వచ్చింది, ఆ తర్వాత పక్క విల్లావాళ్లు వచ్చారు.

తర్వాత వేర్‌హౌస్ ప్యాలెట్లు, అంటే సరుకు పేర్చే చెక్క బల్లలు. వీటి మీద ముద్ర చూసుకోవాలి. హెచ్‌టీ అంటే వేడితో శుద్ధి చేసింది. ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించింది, దాన్ని ముట్టించకూడదు. భోగికి మాత్రం ఈ ముద్రలూ నియమాలూ ఏవీ ఉండవు. చెక్కపీచు అదిమి చేసే ఎండీఎఫ్ కంప్యూటర్ టేబుల్‌ను, అందులోని ఫార్మాల్డిహైడ్ జిగురుతో సహా, పట్టుపంచెలు కట్టుకుని అగ్నిలో వేశాం. పిడకల దండ ఆన్‌లైన్‌లో తెప్పించాం కాబట్టి శాస్త్రానికి లోటు రాలేదు.

చివరికి వనరు మా గేటు ఎదురుగానే దొరికింది. కొత్త టవర్ కడుతున్న చోట కూలీల రేకుల షెడ్లున్నాయి. మడకశిర, కదిరి వైపు నుంచి వచ్చినవాళ్లు. సబ్‌కమిటీ మొత్తం వెళ్లేసరికి ఒకామె మూడు సిమెంటు ఇటుకల మధ్య అన్నం వండుతోంది. పక్కన సెంట్రింగ్ చెక్కల ముక్కలు, అంచులకు ఎండిన సిమెంటు పెచ్చులు. సుత్తి వెనక కొనతో ఒక్కో మేకూ పీకి, డబ్బాలో వేసి, ఆ తర్వాతే చెక్కను పొయ్యిలోకి తోస్తోంది. పాత ఇనుము కొనేవాడికి ఆ మేకులు అమ్ముతుందట.

"కట్టెలేమన్నా మిగుల్తాయా అమ్మా?" అన్నారు అధ్యక్షులవారు.

"గ్యాస్ అయిపోయిందా సార్?" అంది కంగారుగా.

"లేదు, చలికి."

"ఇంట్లో బాలింత ఉందా? కుంపట్లోకా?"

"లేదమ్మా."

"పసిబిడ్డలా? ముసలోళ్లా?"

"అబ్బే, హాల్లోకి" అన్నారాయన.

ఆమె ఇంకేమీ అడగలేదు. మేకులు పీకేసిన చెక్కలు ఒక మోపు కట్టి ఇచ్చింది. డబ్బులిస్తామంటే, ఊరికే పడేసేవే కదా తీస్కపోండి సార్ అంది. ఇస్తామని మనం అన్నది కూడా ఒక్కసారే.

ఆదివారం సమావేశం మినిట్స్‌లో ఇది నాలుగో అంశం. "సుస్థిర కట్టెల వనరు గుర్తించబడినది. ప్రతి శనివారం ఒక సభ్యుడు వెళ్లి తీసుకురావలెను." చప్పట్లు మోగాయి.

ఐదో అంశం, ఎదురు షెడ్లలో కట్టెల పొయ్యిల పొగ మన బాల్కనీల్లోకి వస్తోంది. బహిరంగంగా చెత్త తగలబెడితే 5,000 రూపాయల జరిమానా అని 2016లోనే హరిత ట్రిబ్యునల్ చెప్పిందని ఒకాయన ఫోన్ తీసి చదివి వినిపించారు. మనం తెచ్చుకుంటున్నవి కూడా ఆ చెక్కలే కదా అని ఎవరో వెనక నుంచి గొణిగారు. వాళ్లు కాలిస్తే చెత్త, మనం కాలిస్తే వనరు అని కార్యదర్శి స్పష్టం చేశారు. ఫిర్యాదు పెట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించారు, శనివారం కట్టెలు తెచ్చుకున్న తర్వాత.