ఎమ్మెస్సీ సీట్లు నిండాలంటే ముందు ల్యాబ్ తలుపు తెరవాలి

అనంతపురం, కడప, కర్నూలు యూనివర్సిటీల సైన్స్ విభాగాల్లో ఎమ్మెస్సీ సీట్ల గురించిన హడావుడి పీజీసెట్ ఫలితాలప్పుడు మొదలవుతుంది. అప్పటికే చెయ్యి దాటిపోయి ఉంటుంది. మునుపు బీఎస్సీ ఎంపీసీ చదివినవాళ్లు గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ మూడింటిలో దేనికైనా ఎమ్మెస్సీకి రాగలిగేవాళ్లు. 2023-24లో డిగ్రీలో ఒకే ప్రధాన సబ్జెక్టు చదివే సింగిల్ మేజర్ వచ్చాక ఆ నిర్ణయం ఇంటర్ కాగానే జరిగిపోతోంది. ఫిజిక్స్ మేజర్‌లో పట్టుమని పదిమంది చేరకపోతే డిగ్రీ కాలేజీ ఆ గ్రూపునే ఎత్తేస్తుంది. ఇక పీజీకి పిల్లలు ఎక్కడినుంచి వస్తారు? వెళ్లాల్సింది గుత్తి, ధర్మవరం, ఆదోని, ప్రొద్దుటూరు జూనియర్ కాలేజీలకు.

వెళ్లి కరపత్రాలు పంచితే లాభం లేదు, పిల్లల్ని ల్యాబ్‌కు తీసుకురావాలి. చూపించడానికి మన దగ్గర సరుకుంది. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఫిజిక్స్ విభాగం గాలిలో తేలే సూక్ష్మ కణాలను పరిశీలించే ఇస్రో ఏరోసాల్ కార్యక్రమంలో భాగంగా అనంతపురం గాలిలోని మసిని ఏళ్ల తరబడి కొలిచింది. మసిని కొలిచే ఎథలోమీటర్ అనే పరికరం గాలిని పీల్చి ఫిల్టర్ టేపు మీదుగా పంపుతుంది. టేపు మీద మసి పేరుకునే కొద్దీ దాని గుండా వచ్చే వెలుతురు తగ్గుతుంది. ఆ తగ్గుదలను 880 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర చూసి మసి ఎంతో లెక్కగడతారు. పొద్దున పొయ్యిలూ లారీలూ మొదలయ్యే వేళ అంకె పైకి లేస్తుంది. మధ్యాహ్నం నేల కాగి గాలి పైదాకా కలిసిపోవడంతో పడిపోతుంది. తమ ఊరి గాలే గ్రాఫుగా కనబడితే ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ మీద మనసు పడుతుంది. కరెంటు పోయినప్పుడు యూపీఎస్ ఆదుకోకపోయినా, టేపు అయిపోయిందని ఎవరూ చూసుకోకపోయినా లెక్కలో గండి పడుతుంది. ఆ గాలిని మళ్లీ కొలవలేం.

ఇక మన దగ్గర లేని పరికరాల కోసం పెద్ద సంస్థలతో చేసుకునే ఒప్పందాలు. సంతకాలు, శాలువాలు, ఫొటోతోనే చాలావరకు ముగుస్తున్నాయి. ఉదాహరణకు అణువు నిర్మాణం తెలిపే ఎన్ఎమ్మార్ పరీక్షకు 5 నుంచి 10 మిల్లీగ్రాముల పదార్థాన్ని 0.6 మిల్లీలీటర్ల డ్యుటీరియం ద్రావణిలో కరిగించాలి. పదార్థం సరిగా ఆరకపోతే ఫలితం గ్రాఫులో నీటి పీకూ, మిగిలిపోయిన ఇథైల్ ఎసిటేట్ ద్రావణి పీకులూ అడ్డుపడతాయి, శాంపిల్ మళ్లీ పంపాలి. అందుకే నెలకు ఎన్ని శాంపిళ్లు, ఎన్నాళ్లలో ఫలితం, ఖర్చెవరిది, పేపర్లో ఎవరి పేర్లు అన్నవి ఒప్పందంలోనే రాసుకోవాలి. పరిశోధనలకు నిధులిచ్చే కేంద్ర సంస్థ ఏఎన్ఆర్ఎఫ్ వారి పెయిర్ పథకంలో ఒక పెద్ద సంస్థ చుట్టూ ఏడు వరకు సంస్థలు చేరవచ్చు. మన యూనివర్సిటీలు అడిగి తీసుకోవాల్సిన చోటు అది.

వీటన్నిటికీ మూలం మాత్రం అధ్యాపకుల ఖాళీలే. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4 మంది పీహెచ్‌డీ చేయవచ్చు. రిటైర్మెంట్‌కు మూడేళ్లలోపు ఉన్నవారు కొత్తవాళ్లను తీసుకోకూడదు. కాంట్రాక్టు అధ్యాపకులకు గైడ్‌షిప్ లేదు. నెలకు 37,000 రూపాయల జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) చేతిలో పెట్టుకుని వచ్చిన అనంతపురం అమ్మాయి గైడ్ దొరక్క హైదరాబాద్ బస్సెక్కితే, ఆ ఎథలోమీటర్ టేపు మార్చే మనిషి ఉండదు.