అక్టోబర్ 2కి ముందు దిగొద్దు నాయనా

మా తమ్ముడు పన్నెండేళ్ల తర్వాత అమెరికా వదిలేసి ఇంటికొచ్చేస్తున్నాడు. వినాయక చవితికల్లా దిగిపోతానన్నాడని అమ్మ ఉండ్రాళ్లకి బియ్యం రవ్వ కూడా ఆడించి పెట్టుకుంది. ఈలోపు వాడి సీఏ ఫోన్ చేసి, పండగలు ఏటా వస్తాయి, అక్టోబర్ 2కి ముందు మాత్రం ఈ గడ్డ మీద కాలు పెట్టకండి అన్నాడట. పెళ్లి ముహూర్తం తెల్లవారుజామున పెట్టాడని సిద్ధాంతి గారితో గొడవేసుకున్న మావాడు, ఈయన ముహూర్తానికి మాత్రం నోరెత్తకుండా డబ్బు కట్టి టికెట్ మార్చుకున్నాడు.

ఇదంతా ఆదాయపు పన్ను గొడవ, లెక్క చెప్తా వినండి. అక్టోబర్ 1న దిగితే పన్ను ఏడాది ముగిసే మార్చి 31కి సరిగ్గా 182 రోజులు, కాబట్టి రెసిడెంట్, అంటే ఇక్కడివాడు. 2న దిగితే 181, ఆ ఏడాదికి ఇంకా పరాయివాడే, బయటి సంపాదన మీద ఇక్కడ పన్నుండదు. (గత నాలుగేళ్లలో 365 రోజులు ఇక్కడ గడిపినవాడికైతే 60 రోజులకే పీట వేసేస్తారు, మావాడు అంతగా రాలేదు లెండి.) ఫిబ్రవరికి 29 రోజులున్న ఏడాదైతే ఇంకో రోజు ఆగాలి. మరి విమానం 1వ తేదీ రాత్రి 11.50కి దిగితే? ఎందుకొచ్చిన గొడవ, ఆ పది నిమిషాల్నీ రోజు కిందే లెక్కేస్తానన్నాడు సీఏ. ఎన్ఆర్ఐ కనపడగానే మన పెద్దమ్మలు ఎప్పుడొచ్చావు, ఎన్నాళ్లుంటావు అని రెండు ప్రశ్నలు వేస్తారు కదా, ఈ రోజుల లెక్క పెట్టిన సెక్షన్ 6 రాసినాయన అలాంటి పెద్దమ్మ చేతి కిందే పెరిగుంటాడని నా గట్టి నమ్మకం. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం అన్నారు, సంపాదించిన ఏడాదికి ప్రీవియస్ ఇయర్, దానికి పన్ను లెక్కగట్టే ఏడాదికి అసెస్‌మెంట్ ఇయర్ అనే కవలల్ని కలిపేసి టాక్స్ ఇయర్ అన్నారు, సంతోషం. 182 మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఇంత ప్లానింగ్ ఇదివరకు ఒక్కరే చేశారు. గాంధీ గారు దక్షిణాఫ్రికా నుంచి 1915 జనవరి 9న బొంబాయిలో దిగారు. మనం ఆ తేదీనే ప్రవాసీ భారతీయ దివస్ చేసుకుంటాం. ఇవాళ్టి చట్టం ప్రకారం ఆ ఏడాది ఆయనకి 82 రోజులే, హాయిగా నాన్ రెసిడెంట్. తర్వాతి రెండేళ్లూ ఆర్ఎన్ఓఆర్, అంటే వెనక పదేళ్లలో తొమ్మిదేళ్లు బయటున్నవాడికిచ్చే కొత్త అల్లుడి హోదా, విదేశీ ఆదాయం మీద దాదాపు పన్నుండదు. బారిస్టరు కదా, ఊరికే పోతుందా చదువు. 1917 ఏప్రిల్‌కి హోదా అయిపోయింది. చంపారన్ బండెక్కబోతుంటే సీఏ ల్యాప్‌టాప్ పట్టుకుని అడ్డం పడ్డాడు.

"బాపూ, షెడ్యూల్ ఎఫ్ఏ నింపాలి, రిటర్నులో విదేశీ ఆస్తుల పేజీ అండీ. డర్బన్ దగ్గర 1904లో పెట్టిన ఫీనిక్స్ ఆశ్రమం ఎవరిదండీ?"

"అందరిదీ నాయనా."

"అందరిదీ అనే కాలమ్ లేదండీ. ఓనరా, ట్రస్టీయా, బెనిఫిషియరీయా?"

"సేవకుణ్ణి."

"సైనింగ్ అథారిటీ అని వేస్తాను. జనవరి నుంచి డిసెంబర్ లోపల ఖాతాలో ఎక్కువలో ఎక్కువ ఎంతుంది? మన పన్ను ఏడాది ఏప్రిల్‌దే గానీ ఈ ఒక్క పేజీకి ఏడాది జనవరిలో మొదలవుతుందండీ. ఆ మొత్తాన్ని స్టేట్ బ్యాంకు టీటీ బయింగ్ రేటుతో రూపాయల్లోకి మార్చాలి. బాపూ, మిమ్మల్నే."

"..."

"మౌనవ్రతానికి 10 లక్షలండీ, బ్లాక్ మనీ చట్టం."

బండి వెళ్లిపోయింది. మోతీహారిలో రైతులు ఎదురుచూస్తున్నారు, ఈయనేమో ప్లాట్‌ఫామ్ మీద పాస్‌బుక్కులు వెతుక్కుంటున్నాడు.

నవ్వుకోడానికి బానే ఉంది గానీ, ఆ 10 లక్షలు మాత్రం నిజం. 2015లో తెచ్చారు ఆ చట్టం, నల్లధనాన్ని పట్టుకొస్తామని. లక్ష రూపాయల కంపెనీ షేర్లు అక్కడ ఉండిపోయి, వాటి సంగతి ఫారంలో రాయడం మరిచిపోయినవాడికీ అదే 10 లక్షలు వేసే వీలుండేది, కోట్లు దాచినవాడికీ అంతే. ఇళ్లూ స్థలాలూ కాక మిగతావన్నీ కలిపి 20 లక్షల లోపుంటే జరిమానా వద్దులే అనుకోడానికి 2024 అక్టోబర్ దాకా పట్టింది. తొమ్మిదేళ్లు! జగిత్యాల నుంచో కోనసీమ నుంచో గల్ఫ్‌కి పోయి, ఎండలో సిమెంటు మోసి, నడుం పోయాక తిరిగొచ్చినవాడి ఖాతా అక్కడ మూయకుండా ఉండిపోతే, ఇక్కడ రూపాయి సంపాదన లేకపోయినా, కొత్త అల్లుడి హోదా అయిపోయాక ఏటా రిటర్ను వేయాల్సిందేనట. ఎవడు చెప్పాడు వాడికి? ఎయిర్‌పోర్టులో స్వాగతం బోర్డు పెట్టడం తెలుసు గానీ, దాని కింద నాలుగు ముక్కలు తెలుగులో రాయడానికి చేతులు రాలేదా? వాడు పంపిన డబ్బుతో డాలర్ల నిల్వలు పెరిగినప్పుడు వాడు దేశానికి ముద్దుబిడ్డ, వాడే దిగొచ్చాక అనుమానితుడు. బ్యాంకుల్ని ముంచి రాత్రికి రాత్రి విమానమెక్కినవాళ్లకి మాత్రం ఈ ఫారాల బాధే లేదు. వాళ్లు తిరిగి రారుగా!

ఇంకో ముచ్చట. ఫెమా అని విదేశీ డబ్బు వ్యవహారాలు చూసే మరో చట్టముంది, తిరిగొచ్చినవాణ్ణి అది రోజులకంటే ముందు మనసులో ఏముందని అడుగుతుంది. ఉండిపోదామని వచ్చావా, అయితే ఇవాళ్టి నుంచే ఇక్కడివాడివి, ఎన్ఆర్ఐలకిచ్చే ఆ ఎన్ఆర్ఈ బ్యాంకు ఖాతా మార్చుకో అంటుంది. అంటే అక్టోబర్ 2న దిగే మా తమ్ముడు బ్యాంకులో స్వదేశీ, పన్ను ఫారంలో పరదేశీ.

ఇదంతా అమ్మకి గంటసేపు చెప్పాను. పూర్తిగా విని, "అయితే చవితికి రాడన్నమాట" అంది. రవ్వ డబ్బా మూత తీసి, పురుగు పట్టకుండా నాలుగు ఎండుమిరపకాయలు వేసి, మళ్లీ అటక మీద పెట్టేసింది.